డిస్కౌంటు అంటే ఏమిటి?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు డిసెంబరు 17. మనకిది పండుగ రోజు. ఇటువంటి రోజున డి.ఏ. బకాయిల గురించో, హెల్త్ కార్డుల గురించో మాట్లాడవలసినవాడు ఒక ఇంగ్లీషు మాట పట్టుకుని నిలబడ్డాడేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. కార్యదర్శి గారు "ఏదైనా ఉపయోగపడే విషయం చెప్పండి, పావుగంటకు మించకండి" అన్నారు. నేను పండితుణ్ణి కాను. ఒక ఇంజనీరింగు డివిజను ఆఫీసులో గుమాస్తాగా చేరి, బిల్లులూ, టెండరు ఫైళ్లూ చూసి, 2008లో రిటైరైనవాణ్ణి. అందువల్ల నాకు తెలిసిన లెక్కల్లోంచే ఒక మాట ఎన్నుకున్నాను. ఆ మాట డిస్కౌంటు.

ఈ మాట తెలియనివారు ఈ హాల్లో ఎవరూ లేరు. మా ఇంట్లో పనిచేసే అమ్మాయికీ తెలుసు, మా నాలుగేళ్ల మునిమనవడికీ తెలుసు. కానీ తెలిసిన మాటలతోనే మనం ఎక్కువగా మోసపోతాం. తెలియని మాట ఎదురైతే ఆగి అడుగుతాం. తెలిసిన మాటైతే తలూపి జేబులో చెయ్యి పెడతాం. అందుకని ఈ మాటను కొంచెం విప్పి చూద్దామని నా ఉద్దేశం.

మొదట ఈ మాట పుట్టుక. లాటిన్‌లో లెక్కించడానికి కంప్యూటారే అనే క్రియ ఉంది. దానినుంచి ఫ్రెంచి భాష మీదుగా ఇంగ్లీషులోకి కౌంట్ వచ్చింది. అకౌంటు కూడా ఆ కుటుంబమే. మన మనవళ్లు రాత్రింబవళ్లు ముందు పెట్టుకు కూర్చునే కంప్యూటరూ ఆ ఇంటి బిడ్డే. ఈ కౌంట్ ముందు ‘వేరుగా, తీసివేసి’ అనే అర్థమిచ్చే ‘డిస్’ చేరితే డిస్కౌంటు. అంటే లెక్కలోంచి తీసివేయడం. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషు వర్తకుల వాడుకలో ఇది స్థిరపడింది. అకౌంటు లెక్కలోకి చేర్చేది, డిస్కౌంటు లెక్కలోంచి తీసేది. ముప్ఫై నాలుగేళ్లు అకౌంట్ల పని చేసినా ఈ రెండూ అక్కచెల్లెళ్లని రిటైరయ్యాకే నాకు తెలిసింది.

మన భాషలో ఈ పనికి మాటలు లేక కాదు. తగ్గింపు అంటాం. పాత వర్తకుల పద్దుల్లో ముదరా అని రాసేవారు. నాణెం మార్చేటప్పుడు కోసుకునేదాన్ని వట్టం అనేవారు. వీటన్నిటికంటే నాకు ఇష్టమైన మాట కొసరు. కూరగాయలామె తూకం వేశాక, మనం అడగకపోయినా, రెండు పచ్చిమిరపకాయలు, ఒక కరివేపాకు రెబ్బ సంచిలో వేస్తుంది చూశారా, అది కొసరు. డిస్కౌంటులో ధర తగ్గుతుంది, సరుకు అంతే ఉంటుంది. కొసరులో ధర అంతే ఉంటుంది, సరుకు పెరుగుతుంది. లెక్కకు రెండూ ఒకటే. మనసుకు మాత్రం ఒకటి కాదు. డిస్కౌంటు గోడమీద బోర్డు రాసి ఇస్తారు. కొసరు మనిషి ముఖం చూసి ఇస్తారు.

ఇంగ్లీషులోనే ఈ మాటకు దగ్గరి చుట్టాలు మరో రెండున్నాయి: రిబేటు, కన్సెషను. మనం మూడింటినీ ఒకే అర్థంలో వాడేస్తాం. తేడా ఉంది. డిస్కౌంటు డబ్బు కట్టకముందే ధరలో తీసేది. రిబేటు అంటే, కట్టిన సొమ్ములోంచి గానీ, కట్టవలసిందిగా తేలిన సొమ్ములోంచి గానీ, ఒక షరతు నెరవేరినందుకు వెనక్కి ఇచ్చేది. ఆదాయపు పన్నులో 87ఏ సెక్షను కింద వచ్చేది అందుకే రిబేటు. ముందు పన్ను లెక్క కడతారు, తరువాత అందులోంచి తీస్తారు. హైదరాబాదు నగరపాలక సంస్థ ఎర్లీ బర్డ్ అనే పేరుతో, ఏడాది ఇంటిపన్ను ఏప్రిల్‌లోనే కట్టేవారికి 5 శాతం ఇస్తూ వచ్చింది. అదీ రిబేటే. ఆప్కో, ఖాదీ దుకాణాల్లో పండుగలకు రిబేటు అని బోర్డు పెట్టేవారు, జ్ఞాపకం ఉండే ఉంటుంది.

కన్సెషను సంగతి వేరు. ఫలానా మనిషి ఫలానా కోవకు చెందినవాడు గనుక, అధికారం ఉన్నవారు అతనికి ఇచ్చే సడలింపు అది. వికలాంగుడికి, విద్యార్థికి, వృద్ధుడికి ఇచ్చేది కన్సెషను. రైల్వేవారు 60 ఏళ్లు నిండిన పురుషులకు 40 శాతం, 58 ఏళ్లు నిండిన స్త్రీలకు 50 శాతం ఛార్జీ తగ్గించేవారు. కరోనా వచ్చినప్పుడు 2020 మార్చి 20 నుంచి దాన్ని నిలిపివేశారు. ఆ తగ్గింపు నమ్ముకుని ఏడాదికోసారి కాశీకో తిరుపతికో వెళ్లే దంపతులు మనలో ఎందరో ఉన్నారు. ఇచ్చినప్పుడు కన్సెషను, తీసేసినప్పుడు మన చేతిలో ఏమీ లేదు. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో దీని దగ్గరకే మళ్లీ వస్తాను.

ఇప్పుడు బజారుకు వెళదాం.

ఆషాఢం వచ్చిందంటే మన ఊళ్లలో బట్టల దుకాణాల ముందు రద్దీ మీరందరూ చూస్తున్నదే. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, బేరాలుండవు. శ్రావణానికి కొత్త సరుకు దిగాలి. పాత సరుకు బీరువాల్లో ఉంటే పెట్టుబడి నిలిచిపోతుంది. అందుకని తగ్గించి అమ్ముతారు. ఇది న్యాయమైన డిస్కౌంటు. వర్తకుడికి స్థలం, డబ్బు కలిసివస్తాయి, మనకు చీర కలిసివస్తుంది.

అయితే ప్రతి డిస్కౌంటూ ఇటువంటిది కాదు. 800 రూపాయల వస్తువు మీద 1,000 అని చీటీ అంటించి, 20 శాతం తగ్గింపు అంటే ఎంతకిచ్చినట్టు? 800కే. 25 శాతం ఎక్కించి 20 శాతం దించితే మొదటికే వస్తాం. ఇందులో దించినది మనకు కనిపిస్తుంది, ఎక్కించినది కనిపించదు.

రెండోది, "20 శాతం, ఆపైన మరో 20 శాతం" అనే బోర్డు. చాలామంది 40 అనుకుంటారు. 1,000లో 20 శాతం పోతే 800. ఆ 800లో 20 శాతం అంటే 160. మిగిలింది 640. అంటే వచ్చింది 36 శాతం. తక్కిన నలభై రూపాయలూ మన తొందరపాటుకు జరిమానా. "రెండు కొంటే ఒకటి ఉచితం" అంటే 33 శాతం చిల్లర, అదీ మూడూ మనకు అవసరమైనప్పుడే. ఇంట్లో ఉన్నది ఇద్దరం. మూడు కిలోల డిటర్జెంటు తెచ్చి ఏడాది పాటు గదిలో దాచిపెట్టడం పొదుపు కాదు.

మూడోది "అప్ టు" అనే రెండు చిన్న ముక్కలు. "50 శాతం వరకు" అని ఉంటుంది. 50 ఏనుగంత అక్షరాల్లో, "వరకు" చీమంత అక్షరాల్లో. మన కళ్లకు శుక్లాలు తీయించుకున్నా ఆ "వరకు" కనిపించదు. 50 శాతం తగ్గేది ఆ మూల గుట్టగా పోసిన నాలుగు వస్తువుల మీదే.

నాలుగోది బంగారం. ఇది ఆడపిల్లలున్న ఇళ్లవారు జాగ్రత్తగా వినవలసినది. ప్రకటనల్లో "తరుగుపై 50 శాతం తగ్గింపు" అని వేస్తారు. బంగారం ధరమీద కాదు, తరుగుమీద. ఆ తరుగు ఎంత వేయాలో దుకాణం వారి ఇష్టం. ఒక దుకాణంలో 18 శాతం తరుగు వేసి, సగం తగ్గిస్తే మనకు పడేది 9 శాతం. పక్క వీధిలో బోర్డూ లేదు, ప్రకటనా లేదు, మామూలుగానే 8 శాతం తీసుకుంటాడనుకోండి. ఏది చవక? కాబట్టి బంగారం కొనేటప్పుడు ఎంత తగ్గించారని అడగవద్దు. మొత్తం బిల్లులో బంగారం ఎంత, తరుగు ఎంత, మజూరీ ఎంత, పన్ను ఎంత అని విడివిడిగా రాయించుకోండి. హాల్‌మార్కుతో పాటు ఆరు అక్షరాల, అంకెల గుర్తింపు సంఖ్య ఉండాలని 2023 ఏప్రిల్ 1 నుంచి నిబంధన వచ్చింది. అదీ చూసుకోండి.

ఐదోది వాయిదాల కొనుగోలు. "వడ్డీ లేని ఇ.ఎం.ఐ." అంటారు. వడ్డీ లేకుండా అప్పిచ్చేవాడు లోకంలో కన్నతల్లి తప్ప ఎవరుంటారు? రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు చెప్పింది, సున్నా శాతం వడ్డీ అనేది లేనే లేదని. ఇప్పుడు జరిగేదేమిటంటే, నగదు ఇచ్చేవాడికి రావలసిన డిస్కౌంటును మనకివ్వకుండా, దాన్ని వడ్డీ కింద బ్యాంకుకు జమ కడతారు. కొన్ని చోట్ల ఆ వడ్డీ మీద జి.ఎస్.టి., ప్రాసెసింగు ఫీజు కూడా మన నెత్తినే పడతాయి. అందుకని "మొత్తం ఒకేసారి కడితే ఎంతకిస్తారు?" అని ఒక్క ప్రశ్న అడగండి. రెండు ధరలకూ ఉన్న తేడాయే వడ్డీ.

ఇక పన్ను సంగతి. ప్యాకెట్ల మీద ఉండే గరిష్ఠ చిల్లర ధర అన్ని పన్నులతో కలిపి ఉన్న ధర. అది పైకప్పు, అంతకు మించి తీసుకోరాదు. తక్కువకు అమ్మవచ్చు. కొన్ని దుకాణాల్లో ఆ ధరమీద డిస్కౌంటు ఇచ్చినట్టే ఇచ్చి, తగ్గిన ధరమీద మళ్లీ పన్ను వేసేవారు. డిస్కౌంటు ప్రకటించి, ఆపైన విడిగా పన్ను వసూలు చేయడం అనుచిత వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషను 2017 జనవరిలో తీర్పు చెప్పింది. అప్పటికి అది వ్యాట్. అదే ఏడాది జూలై 1 నుంచి జి.ఎస్.టి. వచ్చింది. న్యాయం మాత్రం మారలేదు. ఆన్‌లైను దుకాణాల్లో "ఇంకా పది నిమిషాలే", "ఇంకా రెండే ఉన్నాయి" అంటూ తొందరపెట్టే ఎత్తుగడలను కూడా 2023 నవంబరులో కేంద్రం మార్గదర్శకాలిచ్చి నిషేధించింది. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను నంబరు 1915. ఈ నాలుగంకెలూ ఇంటి గోడమీద రాసిపెట్టుకోండి.

ఇంతవరకు ఇతరుల లెక్కలు చెప్పాను. ఇప్పుడు నా సొంత నష్టం చెబుతాను.

మా ఆవిడకు షుగరూ, బి.పీ. ఉన్నాయి. నెలనెలా మందుల ఖర్చు పెన్షనులో ఒక పెద్ద పద్దు. మా వీధి చివర ఒక చిన్న మందుల షాపు ఉంది. అక్కడి కుర్రవాడు డిస్కౌంటు ఇవ్వడు. మరీ అడిగితే చిల్లర వదిలేస్తాడు. కొన్నేళ్ల కిందట ఊరి మధ్యలో ఒక పెద్ద షాపు పెట్టి 20 శాతం తగ్గింపు అన్నారు. నేను గుమాస్తాను కదా, లెక్క వేసుకున్నాను. ఆటో ఛార్జీ గిట్టుబాటు కావాలంటే మూడు నెలల మందులు ఒకేసారి కొనాలి. కొన్నాను. ఇంటికొచ్చి మా ఆవిడతో "వెయ్యి రూపాయలు మిగిల్చాను" అని గొప్పగా చెప్పుకున్నాను. మూడు వారాలు తిరక్కుండా డాక్టరు గారు మందు మార్చారు. మిగిలినవి పట్టుకుని వెళితే షాపువారు "డిస్కౌంటు మీద ఇచ్చినవి వాపసు తీసుకోం" అన్నారు. బిల్లు వెనకవైపు చూపించారు. రాసి ఉంది. నేనే చదవలేదు. ముప్ఫై నాలుగేళ్లు ఇతరుల బిల్లులు వెనకా ముందూ తిప్పి అభ్యంతరాలు రాసినవాణ్ణి, నా బిల్లు వెనక చూసుకోలేదు. మిగిల్చింది వెయ్యి, పారబోసింది రెండు వేల పైచిలుకు.

మందుల మీద అంత తగ్గింపు ఎలా ఇస్తారని అప్పుడు ఆరా తీశాను. ప్రభుత్వం ధర కట్టడి చేసిన మందులకు 2013 నాటి ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చిల్లర వర్తకుడి లాభం అతను కొన్న ధరమీద 16 శాతంగా లెక్కిస్తారు. దానిలోంచి 20 శాతం తగ్గించడం మామూలు షాపువాడికి కుదిరే పని కాదు. పెద్దమొత్తంలో కొనేవాడికి టోకున తగ్గుతుంది. లేదా ఎక్కువ ధర ముద్రించి ఉన్న మరో కంపెనీ మందు అదే రసాయనంతో ఇస్తాడు. కాబట్టి తగ్గింపు శాతం చూడకండి. మాత్ర ఒక్కింటికి ఎంత పడుతోందో చూడండి. డాక్టరు గారిని అడిగి, అదే మందు జన్ ఔషధి కేంద్రంలో ఎంతకు దొరుకుతుందో కనుక్కోండి. అక్కడ బోర్డుమీద డిస్కౌంటు అని ఉండదు, ధరే తక్కువగా ఉంటుంది. గడువు తేదీ చూడండి. ఒక నెలకు మించి కొనకండి.

ఈ కథకు రెండో భాగం ఉంది. 2020లో లాక్‌డౌన్ రోజులు. పిల్లలు ఎక్కడివాళ్లక్కడ చిక్కుకుపోయారు. ఒక రాత్రి పదిన్నరకు మా ఆవిడకు వాంతులు మొదలయ్యాయి. డాక్టరు గారు ఫోనులో మందు పేరు చెప్పారు. ఊరి మధ్య షాపు ఫోను మోగుతూనే ఉంది, ఎత్తినవారు లేరు. వీధి చివరి కుర్రవాడికి ఫోను చేశాను. నేను అతని దగ్గర కొనడం మానేసి అప్పటికి రెండేళ్లు. "బాబాయి గారూ, మీరు బయటికి రాకండి" అని, షాపు తలుపు తీసి, మందు తెచ్చి గేటుకు తగిలించి వెళ్లాడు. డబ్బు మాటెత్తితే "రేపు చూద్దాం లెండి" అన్నాడు.

ఆ రాత్రి అతనిచ్చినదాన్ని ఏ శాతంలో లెక్క కట్టాలి? నాకు తెలిసిన ఏ పట్టికలోనూ దానికి గడి లేదు. మర్నాటినుంచి మా మందులన్నీ అతని దగ్గరే. ఇప్పటికీ డిస్కౌంటు ఇవ్వడు. నేనూ అడగను.

ఇక మనందరి నెత్తిన ఉన్న డిస్కౌంటు ఒకటుంది. అది బజారులోది కాదు, ట్రెజరీలోది. దాని పేరు కమ్యుటేషను.

బ్యాంకుల భాషలో డిస్కౌంటు అంటే రేపు రావలసిన సొమ్మును ఈ రోజే తీసుకుంటే తగ్గే మొత్తం. వర్తకుడి దగ్గర మూడు నెలల తరువాత లక్ష రూపాయలు రావలసిన హుండీ ఉంటుంది. అంతవరకు ఆగలేక బ్యాంకులో ఇస్తే, కొంత కోసుకుని ఇప్పుడే ఇస్తారు. దాన్నే బిల్లు డిస్కౌంటు చేయడం అంటారు. కేంద్ర ప్రభుత్వం అమ్మే 91 రోజుల ట్రెజరీ బిల్లులు కూడా ఇంతే. నూరు రూపాయల బిల్లును నూటికి తక్కువగా అమ్మి, గడువు తీరాక నూరు ఇస్తుంది. వడ్డీ అనే మాట ఎక్కడా ఉండదు, ఆ తేడాయే వడ్డీ.

మన కమ్యుటేషను లెక్కా ఇదే. పెన్షనులో 40 శాతం వరకు రాబోయే ఏళ్ల సొమ్మును ముందుగా తీసుకున్నాం. నెలకు వెయ్యి రూపాయలు కమ్యూట్ చేశారనుకోండి. వెయ్యిని 12తో గుణించి, పట్టికలో మన తరువాతి పుట్టినరోజు వయసుకు ఎదురుగా ఉన్న అంకెతో మళ్లీ గుణిస్తారు. నేను 58 ఏళ్లకు రిటైరైనప్పుడు పాత పట్టికలో 59కి ఎదురుగా 10.46 ఉండేది. వెయ్యికి 1,25,520 రూపాయలు వచ్చేవి. ఆరో వేతన సంఘం తరువాత 2008లో కేంద్రం తెచ్చిన కొత్త పట్టికలో అదే వయసుకు 8.371. వెయ్యికి 1,00,452. 60 ఏళ్లు నిండి రిటైరైనవారికి 61కి ఎదురుగా 8.194. వెయ్యికి 98,328. పదిహేనేళ్లపాటు నెలకు వెయ్యి చొప్పున మన పెన్షనులో తగ్గేది 1,80,000.

అంకె ఎందుకు తగ్గింది? కొత్త పట్టిక 8 శాతం వడ్డీ మీద కట్టారు. పాతదాంట్లో వడ్డీ రేటు అంతకంటే బాగా తక్కువ. వడ్డీ రేటు పెరిగితే రేపటి రూపాయికి ఈ రోజు విలువ తగ్గుతుంది. డిస్కౌంటు సూత్రం అంతే. దీనికి తోడు, మధ్యలో కాలం చేసిన వారి సంగతి కూడా ఆ లెక్కలో కలిసి ఉంటుంది. ఆ తేడా అంతా సర్కారు మింగేసిందనీ అనలేం, అంతా సక్రమమనీ అనలేం. బ్యాంకు వడ్డీలు దిగినప్పుడు పట్టిక ఎందుకు మారలేదని అడిగే హక్కు మనకుంది. అడిగేటప్పుడు లెక్క తెలిసి అడిగితే మన మాటకు బలం ఉంటుంది. ఇప్పుడు రిటైరవుతున్న పిల్లలు ఈ సభలో ఉంటే వారికి ఒక మాట: కమ్యుటేషను సొమ్ము బోనసు కాదు. మీ సొమ్మే, ముందుగా తీసుకున్నందుకు డిస్కౌంటు కోసి ఇచ్చినది. కూతురి పెళ్లికో, ఇంటి అప్పు తీర్చడానికో అవసరమైతే తీసుకోండి. అందరూ తీసుకుంటున్నారని తీసుకోకండి.

ఆ కోత జీవితాంతం సాగకుండా పదిహేనేళ్లకు పూర్తి పెన్షను పునరుద్ధరించాలన్నది కూడా ఎవరో దయతలచి ఇచ్చినది కాదు. 1986 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పుతో కేంద్ర పెన్షనర్లకు వచ్చింది, తరువాత మనకూ వచ్చింది. నాకు 2023లో పూర్తి పెన్షను జమ అయిన రోజున మా ఆవిడ పాయసం చేసింది. షుగరున్నా ఒక చెంచా తానూ తిన్నది.

చివరగా ఈ మాటకున్న మరొక అర్థం చెప్పి ముగిస్తాను. ఇది నాకు నేర్పినవారు మా సూపరింటెండెంటు గారు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆఫీసుల్లో తెలుగు వాడాలని ఉత్తర్వులు వస్తున్న రోజులు. గోడౌనులో సిమెంటు బస్తాలు తగ్గాయని విచారణ జరిగింది. రాత్రి కాపలా ఉన్న వాచ్‌మన్, చదువు లేని మనిషి, ఫలానా వేళ లారీ వచ్చి వెళ్లిందని చెప్పాడు. పెద్దవాళ్లెవరూ ఒప్పుకోలేదు. ఇంగ్లీషులో వచ్చిన విచారణ నివేదికను నన్ను తెలుగు చేయమన్నారు. అందులో ఆ వాచ్‌మన్ మాటను డిస్కౌంట్ చేయడానికి వీల్లేదు అని ఒక వాక్యం ఉంది. నేను నిఘంటువు చూసి "వాచ్‌మన్ వాంగ్మూలమునకు తగ్గింపు ఇచ్చుటకు వీలులేదు" అని రాసి పంపాను. సూపరింటెండెంటు గారు నన్ను పిలిచారు. సెక్షనంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. ఎర్ర సిరాతో ఆ వాక్యం కొట్టేసి, "అతని మాటను కొట్టిపారేయడానికి వీల్లేదు" అని రాశారు. "బాబూ, వస్తువుకైతే తగ్గింపు, మనిషి మాటకైతే కొట్టివేత. మనిషి మాటను లెక్కలోంచి తీసేసే ముందు చాలా ఆలోచించాలి" అన్నారు. తరువాత దర్యాప్తులో వాచ్‌మన్ చెప్పినదే నిజమని తేలింది. ఆ సూపరింటెండెంటు గారు ఇప్పుడు లేరు. వారి ఎర్ర సిరా వాక్యం నా కళ్లముందు ఇంకా ఉంది.

ఈ వయసులో మనకు జరిగేది సరిగ్గా ఇదే. ఆఫీసుకు వెళితే "పెద్దాయన ఏదో అంటున్నాడు" అని మన మాటకు సగం తగ్గించి వింటారు. ఇంట్లో "నాన్నగారికి ఇవన్నీ తెలియవు" అని మిగిలిన సగం కొట్టేస్తారు. వాళ్లనే అనడమెందుకు, మనమూ మన ఇంటి ఆడవాళ్ల మాటను ఇన్నేళ్లూ ఎంత డిస్కౌంటు మీద వినలేదు? మూడు నెలల మందులు కొంటున్నానన్న రోజున మా ఆవిడ "డాక్టరు మారుస్తారేమో, ఒక్క నెలకే తెండి" అన్నది. నేనే లెక్కలోకి తీసుకోలేదు.

1982లో ఇదే డిసెంబరు 17న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం నకారా కేసులో తీర్పు చెప్పింది. పెన్షను యజమాని దయాధర్మం కాదు, చేసిన సేవకు రావలసిన ఫలం, హక్కు అన్నది దాని సారాంశం. అందుకే ఇది మనకు పండుగ. ఇందాక చెప్పిన మూడు మాటలూ ఇక్కడ పక్కపక్కన పెట్టుకోండి. డిస్కౌంటు వర్తకుడి లెక్క, నచ్చితే తీసుకుంటాం. కన్సెషను అధికారంలో ఉన్నవారి దయ, ఇచ్చినవారు ఆపగలరు. హక్కు అలా కాదు, అది మన పద్దులో జమ అయి ఉన్నది. దాన్ని ఎవరైనా తగ్గించబోతే, ఎందుకు తగ్గిస్తున్నారో, ఏ పట్టిక ప్రకారమో లెక్క చెప్పమని అడగాలి.

కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. పావుగంట అన్నారు, నేను అరగంట చేశాను. నా ప్రసంగం మీద మీరెంత డిస్కౌంటు తీసుకున్నా అభ్యంతరం లేదు. వీధి చివరి కుర్రవాడి షాపు సంగతి, 1915 నంబరు, మా సూపరింటెండెంటు గారి వాక్యం, ఈ మూడు మాత్రం కొట్టేయకుండా ఇంటికి తీసుకువెళ్లమని మనవి.